సీసపు ముద్ద చెప్పిన సాక్ష్యం

మన ఇళ్ళలో నగ ఎలా మాయమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. నాయనమ్మగారి కాసులపేరు కోడలి కాలానికి చంద్రహారం అవుతుంది. ఆ చంద్రహారం మనుమరాలి పెళ్ళికి రెండుపేటల గొలుసూ, నాలుగు గాజులూ అవుతుంది. కంసాలి కుంపటి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతూ వుంటే, తరుగు ఎంత పోతుందోనన్న బెంగే మనకు. బంగారంతోపాటు ఒక తరం వారి గుర్తు కూడా కరిగిపోతున్నదన్న ధ్యాస ఆ సమయంలో ఎవరికీ వుండదు. పాతిక సంవత్సరాల తరువాత ఎవరైనా, “అమ్మమ్మగారి పేరు ఏమయిందే?” అంటే, “ఇదిగో, ఈ గాజుల్లోనే వుంది” అని చెయ్యి చూపిస్తాం. ఆ మాటకు ఋజువు ఏమిటి? మన నోటి మాటే ఋజువు.

రాజుల ఇళ్ళలోనూ ఇదే తంతు. కాకపోతే అక్కడ కరిగేది ఒక కాసులపేరు కాదు, ఒక దేశపు చరిత్ర. బంగారం కరుగుతుంది, రాళ్ళు చేతులు మారుతాయి. చేతులు మారడమే కాదు, సాన మీదికి ఎక్కి రూపం కూడా మార్చుకుంటాయి. అప్పుడు దాన్ని చూసి, “ఇది ఫలానా మహారాజు కిరీటంలోని రాయే సుమా!” అని చెప్పడం ఎలా? మనిషినైతే పుట్టుమచ్చ చూసి పోలుస్తాం. పుట్టుమచ్చతో సహా చెక్కేసిన రాయిని ఏం చూసి పోల్చాలి?

ఈ పనికే జీవితాలు ధారపోసినవారు వున్నారు. వారు ఛేదించిన చిక్కుముడుల్లో అన్నిటికన్నా గట్టివి రెండూ మన కృష్ణ ఒడ్డున మొదలయినవే కావడం తెలుగువారికి విశేషం.

పదిహేడవ శతాబ్దంలో జీన్ బాప్తిస్త్ తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన దేశానికి మాటిమాటికీ వస్తూ పోతూ వుండేవాడు. తూర్పు దేశాలకు ఆరుసార్లు ప్రయాణం చేశాడు. గోల్కొండ రాజ్యంలో కృష్ణ పక్కన కొల్లూరు గనికి స్వయంగా వెళ్ళి చూశాడు. అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోయడం. గుంటూరు సీమలోని ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద మునిగి వుంది. రత్నాలను రాశులుగా పోసి అమ్మారని మనం చెప్పుకునే వైభవమంతా ఆ మట్టిలోనుంచి వచ్చినదే.

తావెర్నియే ఇక్కడ సంపాదించిన రాళ్ళలో ఒక నీలి వజ్రం వుంది. ఆనాటి లెక్కలో 112 కారట్లకు పైచిలుకు. కొల్లూరు మట్టిలోదే అయి వుంటుందని పండితుల అంచనా. దానిని, దానితోపాటు వెయ్యికి పైగా చిన్నా పెద్దా వజ్రాలనూ 1668 ప్రాంతాల పద్నాలుగవ లూయీ చక్రవర్తికి అమ్మాడు. 1676లో తన యాత్రల పుస్తకం అచ్చువేసినప్పుడు, రాజుగారికి అమ్మిన వజ్రాల్లో ముఖ్యమైన వాటికి బొమ్మలు గీయించి వేశాడు. వర్తకుడి గొప్ప చాటుకోవడానికి వేసిన బొమ్మలే కావచ్చు గాని, మూడు వందల సంవత్సరాల తరువాత అవే పరిశోధకులకు ఆధారం అయ్యాయి.

లూయీగారికి ఆ రాయి మోటుగా చెక్కిన రాయిలా కనిపించిందో ఏమో, ఆస్థానపు నగల పనివాడు పితో చేత దాన్ని మళ్ళీ సాన పట్టించాడు. 1673 నాటికి అది దాదాపు 69 కారట్ల రాయిగా మారింది. అంటే బరువులో సుమారు నలభై పాళ్ళు పొడి అయిపోయిందన్న మాట! మన తరుగు బాధ దీని ముందు ఏపాటిది? అయితే మిగిలినది మాత్రం అద్భుతమైన నీలం. దానికి ‘ఫ్రెంచి నీలం’ అని పేరు వచ్చింది. 1749లో పదిహేనవ లూయీ దాన్ని ‘బంగారు పొట్టేలు’ అనే రాజలాంఛనపు పతకంలో పొదిగించాడు. ఆ పతకం నుంచి 1787లో ఒక్కసారి మాత్రం ఊడదీశారు. బ్రిస్సన్ అనే శాస్త్రజ్ఞుడు నీళ్ళలో తూచి, దాని సాంద్రత కట్టడం కోసం. ఆ అంకెలు కూడా కాగితం మీదికి ఎక్కాయి.

తరువాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. రాజుగారు ఖైదులో వున్నారు. నగలు పారిస్‌లోని రాజభాండాగారంలో వున్నాయి. 1792 సెప్టెంబరులో దొంగలు కిటికీలోనుంచి దూరి, ఒక రాత్రి కాదు, వరసగా కొన్ని రాత్రులపాటు వచ్చి, చేతికందినంత దోచుకుపోయారు. కావలివాళ్ళు ఏం చేస్తున్నారో మనం అడగనక్కరలేదు. కొన్ని నగలు తరువాత దొరికాయి. మద్రాసు గవర్నరు పిట్టు దొరగారు కొని ఫ్రాన్సుకు అమ్మిన ‘రీజెంటు’ వజ్రం, అదీ మన సీమ వజ్రమే, మరుసటి సంవత్సరం ఒక ఇంటి పైకప్పు దూలాల మధ్య దొరికింది. ఫ్రెంచి నీలం మాత్రం దొరకలేదు.

ఇరవై సంవత్సరాలు గడిచాయి. 1812 సెప్టెంబరు 19వ తేదీన లండన్‌లో జాన్ ఫ్రాన్సిలన్ అనే నగల పనివాడు ఒక చిన్న పత్రం రాశాడు. డేనియల్ ఎలియాసన్ అనే వజ్రాల వర్తకుడి దగ్గర ఒక నీలి వజ్రం చూశాననీ, దాని తూకం 177 గ్రెయిన్లనీ రాసి, రాయి చుట్టూ గీత గీసి, రంగు కూడా వేశాడు. 177 గ్రెయిన్లంటే 44 కారట్ల పైచిలుకు.

ఈ తారీఖును కాస్త గుర్తు పెట్టుకోండి. విప్లవకాలంలో జరిగిన నేరాలపై ఇరవై సంవత్సరాలు దాటితే విచారణ లేదని అప్పట్లో ఫ్రాన్సులో చట్టం వుండేది. దొంగతనం జరిగిన ఆ రాత్రులనుంచి లెక్క వేస్తే, ఇరవై సంవత్సరాలు నిండీ నిండగానే ఈ నీలి వజ్రం లండన్‌లో తల ఎత్తింది! ఎక్కడినుంచి వచ్చిందో ఎలియాసన్ చెప్పలేదు, ఫ్రాన్సిలన్ అడిగినట్టు రాయలేదు. ఇద్దరూ వ్యాపారస్థులు.

1839 నాటికి ఆ రాయి హెన్రీ ఫిలిప్ హోప్ అనే సంపన్నుడి రత్నాల జాబితాలో కనిపిస్తుంది. అప్పటినుంచి అది ‘హోప్ వజ్రం’. తూకం 45.52 కారట్లు. తరువాత కథ అమెరికా దాకా పోతుంది. పారిస్‌లోని కార్టియే కంపెనీ కొని, ఎవలిన్ వాల్ష్ మెక్లీన్ అనే ధనికురాలికి అమ్మింది. ఆమె పోయిన తరువాత న్యూయార్కు వర్తకుడు హారీ విన్‌స్టన్ 1949లో కొన్నాడు. 1958లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు దానం చేశాడు. ఎలా పంపాడనుకున్నారు? సాయుధులైన పటాలంతో కాదు. గోధుమరంగు కాగితంలో చుట్టి, రిజిస్టరు పోస్టులో! భీమాతో కలిపి తపాలా ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు అయింది.

ఈ వజ్రం పట్టుకున్నవాళ్ళంతా నాశనమయ్యారని, తావెర్నియేను అడవికుక్కలు చీల్చి తినేశాయని ఒక కథ లోకమంతా పాకింది. పాఠకులు దయచేసి నమ్మకండి. తావెర్నియే ఎనభై నాలుగేళ్ళు బతికి, ఇంకో ప్రయాణంలో వుండగా 1689లో మాస్కోలో పోయాడు. అడవికుక్కల కథ తరువాతి కాలంవాళ్ళు కల్పించినది. శాపం వుందంటే కొనేవాళ్ళు పారిపోతారని మనం అనుకుంటాం. వ్యాపారస్థుడికి తెలుసు, దానివల్ల ధర పెరుగుతుందని!

అసలు ప్రశ్న అలాగే వుండిపోయింది. హోప్ వజ్రం ఆ దొంగిలించిన ఫ్రెంచి నీలమేనా? అంత పెద్ద నీలి వజ్రాలు లోకంలో అరుదు కాబట్టి అయి వుంటుందని అందరూ అనుకునేవారు. అనుకోవడం వేరు, ఋజువు వేరు. ఫ్రెంచి నీలానికి మిగిలినవల్లా పైనుంచి చూస్తే ఎలా వుంటుందో చూపే బొమ్మలు. లోతు ఎంత, వెనకవైపు ఎన్ని పలకలు, ఎంత వాలు అనేది ఎవరికీ తెలియదు. 2005లో అమెరికన్ శాస్త్రజ్ఞులు బొమ్మలనుబట్టి కంప్యూటరు మీద లెక్కలు కట్టి, హోప్ వజ్రం ఆ పెద్దరాయి లోపల ఇమిడే అవకాశం బాగా వుందని చెప్పారు. అదీ అంచనాయే. బొమ్మ గీసినవాడు గీత కొంచెం అటూ ఇటూ లాగి వుంటే అంచనా కూడా అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడ వస్తుంది మన సీసపు ముద్ద.

2007 డిసెంబరులో పారిస్‌లోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో ఫ్రాన్సువా ఫార్జ్ అనే ఖనిజశాస్త్ర ఆచార్యుడు పాత సొరుగులు వెతుకుతున్నాడు. ఒకప్పటి నగల పనివాళ్ళు విలువైన రాయి చేతికి వస్తే, దానికి సీసంతో అచ్చు పోసి వుంచుకునేవారు. ఫొటో లేని కాలంలో అదే ఫొటో. అలాంటి అచ్చులు ఆ ప్రదర్శనశాలలో చాలా వున్నాయి. బూడిదరంగు ముద్దలు, అందచందాలు లేనివి. వాటిని ఎవరు చూస్తారు? వాటిలో ఒకటి ఫార్జ్ కంటికి వింతగా కనిపించింది. కింద చీటీ చదివాడు. 1850లో షార్ల్ అషార్ అనే పారిస్ రత్నాల వర్తకుడు ఇచ్చిన నమూనా. అసలు రాయి లండన్‌లోని ‘హోప్’ గారిది!

కొలతలు తీస్తే ఆ అచ్చు పైభాగం ఫ్రెంచి నీలం బొమ్మలతో సరిపోయింది. పరిమాణంబట్టి లెక్కకడితే అంతటి వజ్రం సుమారు 69 కారట్లు తూగాలి. అదీ సరిపోయింది. లేసరు కిరణాలతో అచ్చును అంగుళం అంగుళం కొలిచి, కంప్యూటరులో దాని రూపం కట్టి, ఆ రూపంలో హోప్ వజ్రాన్ని వుంచి చూశారు. గుడ్డులో పచ్చసొనలా ఇమిడిపోయింది. ఎటు తిప్పినా ఇమడడం కాదు, ఒకే ఒక విధంగా, ఎక్కడెక్కడ చెక్కితే ఫ్రెంచి నీలం హోప్ అవుతుందో తేటతెల్లంగా కనిపించేటట్టు. 2009లో ఈ పరిశోధనను ప్రకటించారు.

ఆ అచ్చు చీటీ ఇంకో రహస్యం కూడా చెప్పింది. 69 కారట్ల రూపంలో వున్న రాయి ‘హోప్ గారిది’ అని చీటీలో వుంది గదా! అంటే రాయి ఇంకా చెక్కకముందే హోప్ చేతిలో వుండి వుండాలి. చెక్కించినది ఎవరు, ఎప్పుడు అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే వున్నారు. ఏది ఏమయినా, దొంగసొత్తు గుర్తు చెరపడానికే ఆ అందమైన రాయిని మళ్ళీ కోశారని అనుకుంటారు. పితో చెక్కిన ఆ రాయి మళ్ళీ రాదు. ఆ పనివాడి నైపుణ్యానికి మిగిలిన సాక్ష్యం సొరుగులోని సీసమొక్కటే.

రెండవ చిక్కుముడి కూడా తావెర్నియేతోనే మొదలు. ఇందులోనూ ఒక సీసపు అచ్చు వుండడం చిత్రం. 1642లో గోల్కొండలో ఒక వర్తకుడు ఆయనకు బల్లపరుపుగా వున్న ఒక పెద్ద వజ్రం చూపించాడు. లేత గులాబి రంగుది. హిందూదేశంలో వర్తకుల దగ్గర తాను చూసిన వజ్రాల్లోకెల్లా అదే పెద్దదని తావెర్నియే రాశాడు. తూకం 176 ‘మాంజెలిన్’లు. ఈ మాట మన మంజాడి గింజే! కారట్లలో 242కు పైమాటే. అమ్మేవాడు అయిదు లక్షల రూపాయలు అడిగాడు. తావెర్నియే దానికి సీసంతో అచ్చు పోయించి, సూరత్‌లోని స్నేహితులకు పంపాడు. రాయి శుద్ధమైనదైతే నాలుగు లక్షలకు బేరం చెయ్యమని వాళ్ళు కబురు చేశారు. వర్తకుడు లొంగలేదు. బేరం చెడింది. తావెర్నియే పుస్తకంలో బొమ్మ మాత్రం మిగిలింది. పాశ్చాత్యులు దాన్ని ‘గొప్ప బల్ల వజ్రం’ అన్నారు. తరువాత అది ఏమయిందో అంతు చిక్కలేదు.

మూడు వందల సంవత్సరాల తరువాత, 1966లో, కెనడాలోని రాయల్ ఒంటారియో ప్రదర్శనశాలనుంచి మీన్, టషింగ్‌హాం అనే ఇద్దరు పండితులు టెహరాన్ వెళ్ళారు. ఇరాన్ రాజుల నగలను పరీక్షించడానికి అనుమతి దొరికింది. ఆ నగల్లో పేరు మోసినది ‘దర్యాయె నూర్’. నాదిర్షా 1739లో ఢిల్లీనుంచి దోచుకుపోయిన సొత్తులోది. గులాబిరంగు, బల్లపరుపు, సుమారు 182 కారట్లు. సుమారు అనడం ఎందుకంటే, రాయిని కట్టడంలోనుంచి ఊడదీసి తూచడానికి లేదు. కొలతలనుబట్టి అంచనా కట్టవలసిందే. దాని ఒక అంచున ఫతే అలీ షా పేరు చెక్కి వుంది. ఇంకొక గులాబి వజ్రం ‘నూరుల్ ఐన్’, సుమారు 60 కారట్లు. ఇది ఫరా మహారాణి పెళ్ళికి హారీ విన్‌స్టన్ చేసిన కిరీటం నడిబొడ్డున వుంది.

ఆ రెండు రాళ్ళనూ పక్కపక్కన తలచుకుని, తావెర్నియే బొమ్మ తీసి చూశారు. రంగు ఒకటే. పలకల తీరు కలుస్తున్నది. పెద్దదాన్నీ చిన్నదాన్నీ ఒకదాని ప్రక్కన ఒకటి చేరిస్తే బొమ్మలోని ఆకారం వస్తున్నది. గోల్కొండలో నాలుగు లక్షలకు బేరం తెగని ఆ రాయి రెండు ముక్కలయి, ఒకటి రాజుల ఖజానాలోనూ, ఒకటి కొత్త పెళ్ళికూతురి తల మీదా వుందని వాళ్ళు తేల్చారు. ఒక తల్లి బిడ్డలు ఇద్దరు, ఒకే ఇంట్లో వుండీ, తాము తోబుట్టువులమని తెలియకుండా వున్నారన్న మాట.

ఈ లెక్కల్లో ఒక మాయ వుంది. పాత కాగితంలో వున్న కారట్టూ, ఇప్పటి కారట్టూ ఒకటి కాదు. ఇప్పుడు కారట్టంటే సరిగ్గా 200 మిల్లీగ్రాములు. ఇది ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో కుదిరిన కొలత. అంతకుముందు పారిస్ కారట్టు వేరు, లండన్‌ది వేరు. మన గురిగింజలు, మంజాడులు ఊరుకొక తీరు. ఈ తేడా తెలియక, “తూకం కలవలేదు, కాబట్టి ఇది ఆ రాయి కాదు” అని కొట్టిపారేసినవాళ్ళూ వున్నారు. తూకం ఉజ్జాయింపుగా కలిసిందని సంబరపడి మోసపోయినవాళ్ళూ వున్నారు. కోర్టులో ముద్దాయిని గుర్తు పట్టడంలాగానే ఇక్కడ కూడా ఒక్క సాక్ష్యం చాలదు.

రాతలున్న రాయి అయితే పని తేలిక. మొగలాయిలకు మంచి రాళ్ళ మీద తమ పేర్లు చెక్కించుకునే అలవాటు వుండేది. మాస్కోలో వున్న ‘షా’ అనే 88 కారట్ల వజ్రం మీద మూడు పేర్లు వున్నాయి. అహమ్మద్‌నగర్ బుర్హాన్ నిజాంషా, షాజహాన్, ఇరాన్ ఫతే అలీ షా. దక్కనులో బయలుదేరి ఢిల్లీ, టెహరాన్ చూసి, 1829లో రష్యా చక్రవర్తికి చేరింది. తన ప్రయాణం తానే వీపు మీద రాసుకు తిరిగిన రాయి అది. వజ్రం మీద అక్షరం చెక్కడం అంటే వజ్రంపొడితో గీకి గీకి చెక్కడమే. ఎన్ని నెలలు కూర్చున్నాడో ఆ పనివాడు! అయితే రాత వుండీ పొరబడినవాళ్ళు లేకపోలేదు. విక్టోరియా రాణికి 1851లో ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చిన ‘తైమూరు కెంపు’ తైమూరుదీ కాదు, కెంపూ కాదు. కెంపులా కనిపించే వేరే జాతి రాయి అది. దాని మీద జహంగీరు మొదలైనవారి పేర్లు వున్నాయి. తైమూరు పేరు లేదు.

బొమ్మలు, తూకాలు, అచ్చులు, రాతలు. వీటికి తోడు నగల కంపెనీల చిట్టాలు. 1920లలో మన మహారాజులు పెట్టెలకొద్దీ రాళ్ళు పారిస్ పంపి, కొత్త ఫాషన్ల నగలు చేయించుకున్నారు. పటియాలా మహారాజా భూపిందర్ సింగ్ 1925లో కార్టియేకు పంపిన రాళ్ళతో 1928 నాటికి ఒక హారం తయారయింది. అయిదు పేటలు. 2,930 వజ్రాలు. నడుమ ‘డి బీర్స్’ అనే 234 కారట్ల పసుపు వజ్రం. ఇది 1948 ప్రాంతాల పటియాలా ఖజానాలోనుంచి మాయమైపోయింది. 1982లో ఆ పసుపు వజ్రం ఒంటరిగా జెనీవా వేలంలో కనిపించింది. 1998లో కార్టియే తరఫున పనిచేసే ఎరిక్ నస్‌బామ్ లండన్‌లో ఒక దుకాణంలో ఒక హారపు గుల్ల చూశాడు. పెద్ద రాళ్ళన్నీ ఊడిపోయి, పళ్ళూడిన నోరులా వుంది. చిన్న వజ్రాల పేటలు మాత్రం మిగిలాయి. కంపెనీ పాత చిత్రాలు ఎరిగినవాడు కాబట్టి గుర్తు పట్టాడు. ఇంకెవరైనా అయితే పాత సామానుగా దాటిపోయేవారు. కంపెనీ దాన్ని కొని, పోయిన రాళ్ళ చోట కృత్రిమపు రాళ్ళు పెట్టి బాగుచేయించింది. అసలు రాళ్ళు ఏ వేళ్ళ మీద, ఏ మెడల్లో మెరుస్తున్నాయో!

నగల గుర్తింపులో ఒక్కొక్కప్పుడు నవ్వు పుట్టించే ఘట్టాలూ లేకపోలేదు. బరోడా మహారాణి సీతాదేవి మన పిఠాపురం ఆడపడుచు. సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారుచేయించిన మహారాజావారి కుమార్తె. 1943లో బరోడా ప్రతాప్‌సింగ్ గాయక్వాడ్‌ను పెళ్ళాడి, తరువాత యూరపులో కాపురం పెట్టింది. బరోడావారి పచ్చల, వజ్రాల కాలి పట్టీలను ఆమె హారీ విన్‌స్టన్‌కు అమ్మిందట. ఆయన వాటిని విప్పి, కంఠహారం చేసి, విండ్సర్ డచెస్‌కు అమ్మాడు. 1957లో న్యూయార్కు విందులో డచెస్ ఆ హారం వేసుకు వస్తే, అందరూ ఆహా అంటూ వుండగా, సీతాదేవి “అవి నా కాళ్ళకు కూడా ఇంతే అందంగా వుండేవి” అన్నదని చెప్పుకుంటారు. మరునాడే డచెస్ ఆ హారం తిప్పి పంపేసిందట. కట్టడం మార్చినా, మెడకెక్కించినా, వేసుకున్న మనిషి కన్ను ముందు రాయి దాగలేదు. ఏ ప్రయోగశాలా అక్కరలేకపోయింది.

ఈ పరిశోధన అంతా కేవలం తీరిగ్గా కూర్చున్నవారి కాలక్షేపం కాదని నిరూపించడానికి ఒక ముచ్చట చెబుతాను. బవేరియా రాజకుటుంబపు ‘విట్టెల్స్‌బాఖ్’ అనే నీలి వజ్రం ఒకటి వుంది. 35.56 కారట్లు. అది పేరూ ఊరూ లేకుండా తిరుగుతూ, 1960ల మొదట్లో ఆంట్వెర్ప్‌లో జోసెఫ్ కొంకొమెర్ అనే పనివాడి దగ్గరకు వచ్చింది. “పాత ఫాషను, కొత్తగా చెక్కి పెట్టండి” అన్నారు. ఆయన చూడగానే ఇది మామూలు రాయి కాదని గ్రహించాడు. చరిత్ర వెతికి గుర్తుపట్టి, సాన మీద పెట్టనన్నాడు. పెట్టి వుంటే కూలి వచ్చేది, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. 2008లో లారెన్స్ గ్రాఫ్ అనే లండన్ వర్తకుడు ఆ రాయిని వేలంలో కోటీ అరవై నాలుగు లక్షల పౌన్లకు కొన్నాడు. కొన్నాక సాన పట్టించాడు. నాలుగు కారట్లకు పైగా పోయి, 31.06 మిగిలింది. అంచున పాత గాట్లు పోయాయి, రంగు తేరింది. ధర పెరిగి వుంటుంది. విమర్శకులు మాత్రం, గొప్ప చిత్తరువు మీద కొత్త రంగు పులిమినట్టుందని మండిపడ్డారు. నేనైతే ఆంట్వెర్ప్ పనివాడి పక్షమే.

2010లో ఈ రాయినీ హోప్ వజ్రాన్నీ స్మిత్‌సోనియన్‌లో పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ నీలమే. కంటికి కనపడని అతినీల కాంతి చూపి దీపం ఆర్పేస్తే, రెండూ చీకట్లో నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. ఒకే రాతి ముక్కలేమోనని చాలామందికి ఆశ. లోపలి కూర్పు పరీక్షించి, కాదని తేల్చారు. ఇద్దరూ ఒక ఊరివారేగాని, ఒక తల్లి బిడ్డలు కారు.

హైదరాబాదు నిజాముల నగల సంగతి చూడండి. ‘జాకబ్’ వజ్రం 184 కారట్ల పైచిలుకు. మహబూబ్ అలీపాషాకు దాన్ని అమ్మబోయిన జాకబ్ పేరే దానికి నిలిచిపోయింది. ఆ బేరం కలకత్తా కోర్టుదాకా పోయింది. తండ్రిగారి బూటు ముక్కులో కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాలమీద బరువుగా వాడాడనీ చెబుతారు. అంత అశ్రద్ధగా పడివున్న రాయికి ఈనాడు గుర్తింపు సమస్య లేదు. ఎందుకంటే 1951, 52ల్లో నిజాం ఆ నగలను ట్రస్టుల కింద పెట్టించాడు. ఒక్కొక్క నగా జాబితాకెక్కింది. దాయాదుల తగవులూ, కోర్టు వాయిదాలూ అయిన తరువాత, 1995లో 173 నగలను భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ జాబితాయే లేకపోతే అవి కూడా ఒక్కొక్కటిగా విదేశాల సాన చక్రాల మీదికి ఎక్కి వుండేవి. సాలార్జంగ్ ప్రదర్శనశాలలో చూపించినప్పుడు వరసల్లో నిలబడి చూసినవారు పాఠకుల్లో వుండే వుంటారు.

ఈ మాటకు ఇంటి ఉపయోగం కూడా లేకపోలేదు. కరిగించబోయే నగను ముందు ఒక ఫొటో తీయించి, ప్రక్కన కొలబద్ద పెట్టి, తూకమూ, ఎవరిదో, ఎవరు చేశారో నాలుగు ముక్కలు వెనక రాసి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? పెద్దవాళ్ళ పెళ్ళి ఫొటోలుంటే అందులోని నగలకు పేర్లు ఇప్పుడే అడిగి రాయించుకోండి. దుద్దు ఏది, జూకా ఏది, వంకీ ఎవరి పుట్టింటిదో చెప్పగలిగినవారు ఇంట్లో ఇంకా వుండగానే.

2025 అక్టోబరు 19న పట్టపగలు పారిస్‌లో లూవ్ర్ ప్రదర్శనశాలలోకి దొంగలు దూరి, ఫ్రెంచి రాణుల నగలు ఎనిమిది ఎత్తుకుపోయారు. మన ‘రీజెంటు’ వజ్రం ఆ గదిలోనే వుంది, దాని జోలికి పోలేదు. వార్త తెలియగానే నగల పండితులు అన్న మొదటి మాట: “త్వరగా పట్టుకోండి, రాళ్ళను ఊడదీసి సాన పట్టేస్తారు.” 1792లో రోజులు వేరు, ఇప్పుడు వేరు. ఒక్కొక్క రాయికీ ఫొటోలు వున్నాయి, కొలతలు వున్నాయి, పేరు ప్రఖ్యాతులు వున్నాయి. ఉన్నది ఉన్నట్టుగా అమ్మడం దొంగకు అసాధ్యం. అందుకే ఆ భయం. సాన చక్రం మీద ఒక పూట తిరిగితే చాలు, నీలమణి నీలమణిగానే వుంటుంది, పచ్చ పచ్చగానే వుంటుంది. అవి ఎవరివో చెప్పడానికి ఈసారి సొరుగులో సీసపు ముద్దలు కాదు, కంప్యూటరులో అంకెలు వున్నాయి.

ఫ్రెంచి నీలం అచ్చు మళ్ళీ పారిస్ ప్రదర్శనశాలలోనే వుంది. దాని కొలతలతో కృత్రిమపు రాయి ఒకటి చెక్కి, లూయీగారి నాటి నీలం ఎలా మెరిసేదో చూశారు. హోప్ వజ్రం వాషింగ్టన్‌లో గాజుపెట్టెలో వుంది. ఆ రెంటికీ మూలమైన రాయి పుట్టిందనుకునే కొల్లూరు మీద, వానాకాలం వస్తే, కృష్ణ నీళ్ళు నిండుగా నిలుస్తాయి.